పొర లేచిన బండ

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననొద్దు. నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. మా ఇంట్లో పిల్లి ఈనితే, నేను కిరాణా కొట్టు దాకా వెళ్లేసరికి అది చిరుత అవుతుంది. తిరిగి ఇల్లు చేరేసరికి దానికి ఏడు పిల్లలు, ఏడూ మగవే. మా ఆవిడ పాతికేళ్లు నాతో వేగి ఒక పద్ధతి కనిపెట్టింది. నేను ఏ సంఖ్య చెప్పినా నాలుగుతో భాగిస్తుంది. ఎవరితోనైనా కొట్లాడానని చెబితే ఓడిపోయి వచ్చానని అర్థం చేసుకుంటుంది. మీరూ అదే పద్ధతిలో చదువుకోండి.

మొన్న వికారాబాద్‌లో మా ఇంటి వెనక గదికి బండలు పరిపించాను. తాండూరు నీలం బండలు. మేస్త్రి ఒకదాని మీద చెంబెడు నీళ్లు పోసి, అంచును గోటితో గీకి, "ఇది పొర బండ సారూ. ఇయ్యాల మంచిగనే కనవడ్తది, రేపు అప్పడం లెక్క లేస్తది. పక్కకు పెడుతున్న" అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. వంగి, ఆ అంచు కింద నా గోరు పెట్టాను. నిజంగానే అప్పడమంత పొర లేచింది. దాని కింద ఎన్నడూ ఎండ చూడని రాయి. వాసన వచ్చింది. తొలివానకు తడిసిన మట్టిలో పిడికెడు ఇనుపరజను కలిపితే ఎలా ఉంటుందో అలాంటి వాసన.

"ఏమైంది సారూ, మొకం గట్ల వెట్టినవ్?" అన్నాడు మేస్త్రి.

కంట్లో నలుసు పడిందన్నాను. ఆ పొరను మాత్రం కింద పెట్టలేకపోయాను.

మాది వికారాబాద్ నుంచి మర్పల్లి పోయే తోవలో ఒక పల్లె. ఊరు ఒక దిక్కున, మా వాడ ఇంకో దిక్కున, నడుమ దొరవారి జొన్నచేను. మా వాడ వెనక ఎర్రమట్టి దిబ్బ మీద, పోయిన వాళ్లను పూడ్చే బొందలగడ్డ ఉండేది. మా ముత్తాత కాలంలో వాడలో సగం ఇళ్లు కిరస్తానం పుచ్చుకున్నాయి. అప్పటి నుంచి ఆ సగం ఇళ్ల వాళ్ల తలాపున బండలు లేచాయి. మిగతా వాళ్లకు ఉత్త మట్టికుప్పలే. రెండు వానలు పడితే కుప్ప కరిగి నేలైపోయేది. ఎవరు ఎక్కడ పడుకున్నారో బతికున్న వాళ్లు అడుగులు లెక్కబెట్టి చెప్పేవాళ్లు. అందుకే వాడలో బండకు అంత గౌరవం.

ఆ బండల్లో చాలావరకు మా తాత మోసినవే. ఆయన తాండూరు బండగనుల్లో కూలి. నేను పుట్టకముందే పోయాడు. గనిలో పొర ఉన్న బండ దొరికితే అది పాలిషు పట్టదని షావుకారు పారేయించేవాడు. వాడలో ఎవరైనా పోయారని కబురు అందితే మా తాత ఆ పారేసిన వాటిలోంచి ఒకటి ఏరుకుని, రైలెక్కించి, వికారాబాద్ టేషన్లో దిగి, భుజాన వేసుకుని నడిచి వచ్చేవాడు. ఆయన మోసిన బండల బరువు కలిపితే అనంతగిరి గుట్ట అంత ఉంటుంది. అప్పటి పాస్టరయ్య సుద్దముక్కతో పేరు రాసిస్తే ఆ గీతల మీద ఉలి నడిపేవాడు. ఆయనకు ఒక్క అక్షరం చదవడం రాదు. అయినా ఆ అక్షరాలు ఎంత గుండ్రంగా ఉండేవంటే, అందులో జొన్నగింజ వేస్తే దొర్లుకుంటూ పోయి మొదటికొచ్చేది.

తన బండ తనే ముందుగా చెక్కి పెట్టుకున్నాడు కూడా. పేరు వేసి, కింద చోటు వదిలి, "నా వంతు వచ్చిందాకా ఖాళీగ ఎందుకుండాలె" అని పెరట్లో స్నానాల బండగా వేశాడు. మా నాన్న చిన్నప్పుడు రోజూ ఆ పేరు మీద నిలబడే స్నానం చేశాడు. తాత పోయిననాడు బండ పెకలిస్తే కింద నుంచి నలభై తేళ్లు బయటికొచ్చాయి. భాగించుకోండి.

మా నాన్నను చిన్నప్పుడే దొర ఇంట్లో జీతానికి పెట్టారు, అక్షరం అంటుకోలేదు. అమ్మకూ రాదు. మా వంశంలో మొదటి చదువరిని నేనే. బడిలో వేసిన మొదటి వారంలోనే పలక పగిలింది. తప్పు నాది కాదు, నా పక్కవాడి తల మరీ గట్టిది. నాన్న, "ఇంకో పలక క్రిస్మసుకు సూద్దాం. అందాక భూమ్మీద రాయి. భూమి పగలదు" అన్నాడు.

భూమ్మీద రాసేవాడికి బడిలో ఏం గౌరవం ఉంటుంది? నేను వారం రోజులు ఆలోచించి, ఒక మిట్టమధ్యాహ్నం, పెద్దవాళ్లంతా కోతలకు పోయిన వేళ, కొడవలి పట్టుకుని బొందలగడ్డ ఎక్కాను. ఆ వేళప్పుడు అక్కడికి కుక్క కూడా పోదు. ఎండ మోగుతుంది. నిజంగా మోగుతుంది, చెవుల్లో. మూలన తంగేడు పొద కింద, అన్నిటికంటే చిన్న బండ ఒకటి ఉంది. ఏటేటా ఈస్టరుకు సున్నం పూసీ పూసీ పెరుగు గిన్నెలా తయారైంది. దాని ఒక మూల పొర కొంచెం విడిచి ఉంది. కొడవలి మొన దూర్చి మెల్లగా తిప్పాను. పెనం మీద కాలిన రొట్టె లేచినట్టు, చప్పుడు లేకుండా, ఒక్క ముక్కగా లేచి వచ్చింది. సరిగ్గా పలకంత.

ఒక వైపు నున్నటి నీలం. ఇంకో వైపు సున్నం, సున్నం కింద గుంటలు. అవి అక్షరాలని తెలియదా అంటే తెలుసు. ఏ అక్షరాలో తెలియదు, నాకింకా అఆలే పూర్తి కాలేదు. నున్నటి వైపు రాసుకున్నాను. ఆ ఏడు బడిలో అంత పెద్ద పలక ఇంకెవరికీ లేదు. ఒళ్లో పెట్టుకుని రాస్తుంటే వెనక వైపు గుంటలు తొడకు ఒత్తుకునేవి. బడి వదిలాక చూసుకుంటే తొడ మీద అచ్చు పడి ఉండేది. ఇంటికి చేరేలోపు చెరిగిపోయేది. కోతలైపోయే నాటికి ఆ పలకా పగిలింది. ముక్కలను బడి వెనక పూడిపోయిన బావిలో పారేసి మరిచిపోయాను. ఈస్టరుకు ఆ బండ మీద మళ్లీ సున్నం పడింది, ఎవరికీ ఏ తేడా కనిపించలేదు.

రెండు మూడేళ్లకు నాకు చదువు వచ్చింది. చదువు వచ్చిన సంగతి నాకంటే ముందు మా నాయనమ్మ కనిపెట్టింది.

మా నాయనమ్మ దగ్గర మూడు వాసనలు ఉండేవి: చుట్ట పొగ, వేపనూనె, దండెం మీద ఆరేసిన మాంసం తునకలు. ఆదివారం ఆరాధన అయ్యాక, పొయ్యిలో కాల్చిన తునక ఒకటి నా చేతిలో పెట్టి, "దా కొడుకా, మీ తాతల ముచ్చట సదివి చెప్పు" అని బొందలగడ్డకు తీసుకుపోయేది. ఏ బండ మీదైనా ఉన్నది రెండే ముక్కలు: ఒక పేరు, 'ప్రభువునందు నిద్రించెను' అనే మాట. తునక తిన్నవాడు రెండు ముక్కలతో ఎలా సరిపెడతాడు?

"ఏం రాసిన్రు కొడుకా?"

"గీ తాత అనంతగిరి గుట్టల పులిని చెప్పుతోని కొట్టిండంట నాయినమ్మా."

"సచ్చిందా?"

"ఎవరు?"

"పులి రా."

"సచ్చింది. గదే రాసిన్రు."

ఆమె బండను పైనుంచి కిందికి చూసింది. "గింత బండ మీద గంత ముచ్చట ఎట్ల వట్టింది?"

"సన్న అక్షరాలు."

"అవునా! మా అత్త ఒక్కనాడన్న చెప్పకపాయె, సూడు" అని, ఆ బండకు చేతులు జోడించి ముందుకు నడిచింది.

ఆ పులి మర్నాటికి వాడంతా తిరిగింది. ఇంకేం, ప్రతి ఇంటి వాళ్లకూ తమ తాతల సంగతి తెలుసుకోవాలని పుట్టింది. ఒకామె గుడాలు ఉడకబెట్టి తెచ్చేది, ఒకామె బెల్లం. పెట్టినదాన్ని బట్టి వంశం పెరిగేది. వట్టి సల్ల పోసిన వాళ్ల తాత బావి తవ్వాడు. తాండూరు కందిపప్పుతో ముద్దపప్పు వండి, నెయ్యి వేసి పెట్టిన వాళ్ల తాత నిజాం ఏనుగును మచ్చిక చేశాడు. రెండు నెలల్లో మా వాడలో పుట్టిన వీరులు ఏ రాజుగారి సైన్యంలోనూ ఉండరు. ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర ఇద్దరు ముసలివాళ్లు పంచెలు ఎగ్గట్టారు.

"పులిని కొట్టింది మా తాత!"

"మీ తాత కొట్టింది నక్కను. పులి మా ఇంటిది. అడుగు, పిల్లగాడు సదివిండు."

పాస్టరయ్య వికారాబాద్ నుంచి సైకిలు మీద వచ్చేవారు. సంగతి విని, బొందలగడ్డ ఎక్కి, నేను చదివిన బండలన్నీ ఒక్కొక్కటిగా చదివి, దిగివచ్చి నా చెవి పట్టుకున్నారు. "ఏమోయ్, నాకు కనిపించని అక్షరాలు నీకు కనిపిస్తున్నాయట!" అన్నారు. అంతే, చెవి వదిలేసి సైకిలెక్కారు. అప్పటికి వాడ మనుషులు కొంచెం నిటారుగా నడుస్తున్నారు. అది ఆయన కూడా చూసి ఉంటారు.

ఇన్ని చదివించిన నాయనమ్మ మూలనున్న చిన్న బండ దగ్గర మాత్రం ఆగేది కాదు. దాని పక్కనుంచి పోతూ కొంగు సవరించుకునేది. నేనూ అటు చూసేవాణ్ణి కాదు. ఒకసారి ఉండబట్టలేక, "గది ఎవరిది నాయినమ్మా?" అన్నాను.

"దానికి ఇంక టైం రాలే కొడుకా" అంది.

టైం వచ్చింది. ఈస్టరు ముందు శ్రమల దినాల్లో, గుట్టంతా మోదుగు పూలు పూసి నిప్పంటుకున్నట్టు ఉన్నప్పుడు, మా అమ్మ ప్రసవమైంది. అంతకుముందు మూడు కాన్పులూ మగపిల్లలమే. మంత్రసాని తలుపు సందులోంచి "ఆడపిల్ల" అనగానే నాయనమ్మ చేతిలోని చుట్ట కింద పడింది. వాకిట్లో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరూ అలా ఏడవగా నేను చూడలేదు. ఆ ఏడుపుకు కోళ్లు గూటికెక్కాయి.

ఇల్లంతా వాము, వెల్లుల్లి, ఇంగువ కాచిన వాసన. మునిమాపు వేళ అందరం రొట్టెల ముందు కూర్చున్నప్పుడు ఆమె మా నాన్నతో చెప్పింది.

"నీకంటె ముందు ఒక బిడ్డ ఉండె. ఎరికే గదా నీకు."

"సున్నం ఏస్త గదా అవ్వా, ఏటా."

"గత్తరొచ్చిన ఏడు పోయింది. నాలుగేండ్లది. నన్ను ఇడిసి ఉండకపోయేది. వాడల సగం మంది పోయిన్రు, మిగిలినోళ్లు పెట్టెబేడ సర్దుకుని తలొక దిక్కు ఉరికిన్రు. దాని పేరు ఎరుకున్నోళ్లు ఇయ్యాల ఒక్కరు లేరు, నేను తప్ప."

అమ్మ మంచంలోంచే, "పేరేంది అత్తా?" అంది.

"నేను చెప్పొద్దు పిల్లా. పోయిన బిడ్డ పేరు కన్నతల్లి నోట్లెకెళ్లి రావొద్దు. తల్లి పిలిస్తే ఏడున్నా లేచొస్తది, వచ్చి ఇల్లు దొరకక తిరుగుతది. గా పేరు ఇంట్ల ఇంకో ఆడపిల్లకు పెట్టినంకనే తల్లి పిలవాలె. అప్పుడు పలికేటందుకు ఒకరుంటరు." ఆమె చేతిలోని రొట్టెముక్క చేతిలోనే ఉండిపోయింది. "నీ తర్వాత నాకు పిల్లలు లేకపాయె. నీకు ముగ్గురు మొగోళ్లే అయితిరి. ఇన్నేండ్ల సంది ఆ పేరు నా గొంతుల అడ్డం పడి ఉన్నది. ఒక్కసారి వాకిట్ల నిలవడి గట్టిగ పిలువాలె నేను."

"మరి పాస్టరయ్య దగ్గర రాసి ఉంటది గదా" అన్నాడు నాన్న.

"చర్చి దస్త్రాలు రజాకార్ల గడబిడల పోయినయ్. ఫికర్ లేదు. మీ అయ్య తాండూరుకెళ్లి తెచ్చిన బండ ఉన్నది. ఈస్టరు పొద్దుగాల, దాని ముంగటనే బాప్తీస్మం. నా మనుమడు సదువుతడు." ఆమె నా వైపు తిరిగి, నా తల మీద చెయ్యి వేసింది. "మన నెత్తురు నోట్లెకెళ్లి రావాలె."

నా గొంతులో ఉన్న జొన్నరొట్టె ముక్క ఈస్టరు దాకా దిగలేదు.

మర్నాడు మధ్యాహ్నం పూడిపోయిన బావిలో దిగాను. చెత్త, ముళ్లకంప, పాము కుబుసం. చేతులతో తవ్వాను. గోళ్లు పది ఉంటే పన్నెండు విరిగాయి. చివరికి రూపాయి బిళ్లంత ముక్క ఒకటి దొరికింది. ఒక వైపు నా సుద్ద మరక. ఇంకో వైపు తాత ఉలి గీసిన ఒకే ఒక్క వంపు. అది ఏ అక్షరమైనా కావచ్చు. మన అక్షరాల్లో వంపు లేనిది ఏది? ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాను.

అప్పటి నుంచి బడిలో ఒక వింత మొదలైంది. అప్పటికి నాకు రేకు అంచు పలక వచ్చింది. నేను ఇటు వైపు రాస్తుంటే అటు వైపు ఎవరో రాస్తున్నట్టు సన్నగా గీత చప్పుడు. నేను ఆపితే అదీ ఆగేది. తిప్పి చూస్తే ఏమీ ఉండేది కాదు. మళ్లీ రాస్తే మళ్లీ మొదలు. పట్టపగలు, నలభై మంది పిల్లల మధ్య, పంతులుగారు ఎక్కాలు చెప్పిస్తున్నప్పుడు. నాలుగేళ్ల పిల్లకు రాయడం రాదు కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నాలుగేళ్ల పిల్ల గీతలే గీస్తుంది. ఆ చప్పుడు గీతలదే.

ఇంట్లో అంతకంటే కష్టం. నాయనమ్మ చెల్లెల్ని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూ పెదవులు కదిపేది. గొంతు కదిలేది కాదు. పెదవులు మాత్రమే. ఇన్నేళ్ల తర్వాత పిలవబోయే పేరును అలవాటు చేసుకుంటోంది. నేను ఎదురుగా కూర్చుని ఆ పెదవుల్ని చదవాలని చూశాను. బండలే చదివినవాణ్ణి, పెదవులు చదవలేనా? ఒకసారి మూసుకుని తెరుచుకునేవి, తర్వాత గుండ్రంగా అయ్యేవి. అంతలో ఆమె చుట్ట అందుకునేది. పొగలో అంతా కలిసిపోయేది.

"ఏంది రా, నా మొకంల కోతి ఆడుతున్నదా?"

"ఏం లేదు నాయినమ్మా."

మా మేనమామ తాండూరు గనుల్లోనే పనిచేసేవాడు. పిల్ల పుట్టిన కబురు చెప్పడానికి నాన్న వెళ్తుంటే ఏడ్చి మొత్తుకుని వెంట పడ్డాను. రైల్లో కిటికీ చువ్వల నుంచి బొగ్గునలుసులు కళ్లలో పడుతున్నా తల లోపలికి తీయలేదు. గని అంటే భూమికి అలమార చేసినట్టు ఉంది, అరలు అరలుగా. ఎటు చూసినా నీలం దుమ్ము. మనుషుల కనుబొమలు కూడా నీలమే. అక్కడ మా తాతతో కలిసి పనిచేసిన ముసలాయన ఒకడున్నాడు. కన్నడం కలిసిన మాట.

"ఏనప్పా, ఆ బండలు మోసేటోని మనుమనివా నువ్వు?" అని దగ్గరకు తీసుకున్నాడు.

నాన్న వినకుండా అడిగాను. మా తాత ఒక చిన్న బండ తీసుకుపోయాడు కదా, దాని మీద ఏం రాశారో గుర్తుందా?

"నాకు అచ్చరం ఎట్ల తెలుస్తది బిడ్డా? బండ గుర్తున్నది. పెద్ద బండలు అంటే భుజానికెత్తుకునేటోడు. దాన్ని గొంగట్ల సుట్టిండు. టేషను దాకా నేను ఎంట పోయిన. రైలు పెట్టెల కూసోని, దాన్ని ఒళ్లె పండవెట్టుకున్నడు. టికీటు బాబు వచ్చి కింద పెట్టమన్నడు. పెట్టలే." ఆయన ఉలి మొనను బొటనవేలితో చూసుకున్నాడు. "పొర లేని బండ ఏరుకోమని షావుకారుకు తెల్వకుండ చెప్పిన. దొరకలే ఆనాడు."

తిరుగు రైల్లో మా నాన్న ఒడిలో తల పెట్టి పడుకున్నాను. జేబులోని ముక్క పక్కటెముకలకు గుచ్చుకుంటూనే ఉంది. నిజం చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఆకలేస్తోందని చెప్పాను. ఆయన మూడుసార్లూ పుట్నాలు పెట్టాడు.

ఈస్టరు ముందురోజు వాడంతా సున్నం బకెట్లతో బొందలగడ్డ ఎక్కింది. నాయనమ్మ చిన్న బండకు సున్నం వేయనివ్వలేదు. అందరూ దిగిపోయాక తనే ఉండి, కొబ్బరిపీచుతో, బూడిదతో తోమడం మొదలుపెట్టింది. నేను తంగేడు పొద చాటున ఉన్నాను. ఏళ్ల సున్నం పాలలా కారింది. నీళ్లు పోసింది. తర్వాత అరచెయ్యి బండ మీద వేసి, పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి, మెల్లగా తడిమింది. చదువు రాని వాళ్ల వేళ్లకు కూడా గుంట ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఆమె అరుస్తుందని కళ్లు మూసుకున్నాను. అరవలేదు. కళ్లు తెరిచేసరికి బండ మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చుని ఉంది, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూస్తున్నట్టు. చాలాసేపటికి చుట్ట ముట్టించుకుని ఇంటికి నడిచింది.

"అక్షరాలు కనవడ్తున్నయా అవ్వా?" అని నాన్న అడిగాడు.

"మస్తు సాఫయింది" అంది.

ఆ రాత్రి నేను నిద్రపోయానని చెబితే మీరు భాగించాల్సిన పని కూడా లేదు.

తెల్లవారుజామున కొవ్వొత్తులు, మోదుగు పూలు, పాటలు. బొందలగడ్డంతా తెల్లగా, అప్పుడే ఉతికి ఆరేసినట్టు ఉంది. వాడ వాడంతా చిన్న బండ చుట్టూ చేరింది. పాస్టరయ్య చేతిలో ఇత్తడి గిన్నె. అమ్మ చేతిలో, పాతచీర మడతల్లో చెల్లెలు. ఇంకా మసక వీడలేదు.

నాయనమ్మ నన్ను ముందుకు తోసింది. "సదువు కొడుకా."

మోకాళ్ల మీద కూర్చున్నాను. బండ చల్లగా, నున్నగా ఉంది. కొడవలి మొన గీసిన గీత ఒకటి ఒక మూలన ఇంకా ఉంది. ఒక చెయ్యి జేబులో పెట్టి ఆ వంపును తడుముతూ, ఇంకో చేతి వేలిని ఏమీ లేని బండ మీద ఎడమ నుంచి కుడికి నడిపించాను. ఆ వంపుకు సరిపోయే అక్షరంతో మొదలయ్యే పేరు ఒకటి చెప్పాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈనాటికీ తెలియదు. మంచి పేరే. ఇక్కడ రాయను.

వాడంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. పాస్టరయ్య వంగి బండ చూశారు. నన్ను చూశారు. తర్వాత నాయనమ్మ వైపు తిరిగారు. "ఏమవ్వా, ఇదేనా?"

"గదే" అంది నాయనమ్మ.

చెల్లెలికి ఆ పేరే పెట్టారు. బడిలో ఆ పేరే, పెళ్లిపత్రిక మీద ఆ పేరే. వాడంతా ఆ పేరుతోనే పిలిచింది. ఒక్క నాయనమ్మ తప్ప. ఆమె ఎప్పుడూ "పిల్లా" అనేది, "ఓ బిడ్డా" అనేది. వాకిట్లో నిలబడి గట్టిగా ఏ పేరూ పిలవలేదు. బొందలగడ్డకు కూడా తర్వాత ఎన్నడూ నన్ను తీసుకుపోలేదు. తునకలు మాత్రం కాల్చి పెట్టేది, అడగకుండానే.

చెల్లెలు బడికి పోయే వయసు వచ్చేసరికి ఆమె మంచం పట్టింది. చివరి రోజుల్లో మాట పడిపోయింది. పెదవులు మాత్రం కదిలేవి. మూసుకుని తెరుచుకునేవి, తర్వాత గుండ్రంగా అయ్యేవి. నేను చెవి ఆమె నోటి దగ్గర పెట్టుకుని గంటలు గంటలు కూర్చున్నాను. ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. ఆమె కోసం మేనమామ తాండూరు నుంచి పొర లేని బండ తెచ్చాడు. సుద్దముక్కతో నేనే రాసిచ్చాను. ఆమె పేరు, ఆ కింద 'ఆమె బిడ్డ' అని. రెండో పేరు రాయాల్సిన చోట సుద్ద చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా, రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంతవరకు మీకు చెబుతూ నేను పెంచిన చోట్ల, ఉన్నదాన్నే పెంచాను. లేనిదాన్ని పెట్టింది ఒక్కచోటే. 'గదే' అన్న మాట నేను కల్పించింది.

నాయనమ్మ ఏమీ అనలేదు. పాస్టరయ్య అడిగారు, ఆమె బండ మీదనుంచి కళ్లు తీయలేదు. రెండోసారి అడిగారు. మా అమ్మ, "పెద్దమనిషి గదా అయ్యగారూ, దుఃఖంల మాట పెగులుత లేదు" అంది. అప్పుడు నాయనమ్మ తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. నేను ఇంకేదో చెబుతానని చూస్తున్నట్టు చూసింది. నాయినమ్మా, నేనే పొర తీశాను, పేరు నాకు తెలియదు, నువ్వే చెప్పు. అంతే నేను అనవలసింది. అంటే ఆ నియమాన్ని పక్కన పెట్టి ఆమె ఆ పేరు పలికి ఉండేదేమో. పాస్టరయ్య గిన్నెలో చెయ్యి ముంచారు. ఆ నీళ్లు చెల్లెలి నుదుటి మీద పడేదాకా నాకు టైముంది. నేను నోరు తెరవలేదు.